చిన్న కిరాణా షాపులో మద్యం అమ్మడానికి అనుమతి: ఇంగ్లండ్, వేల్స్‌లో దరఖాస్తు మొదటి నుంచి చివరి దాకా

షాపులో బీరు, వైన్ పెట్టుకోవాలంటే ఫారం ఎక్కడ దొరుకుతుందని చాలామంది అడుగుతున్నారు. ఫారం కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. గంటలో నింపేయొచ్చు కూడా. కానీ అలా గంటలో నింపిన ఫారమే తర్వాత ఏళ్ల తరబడి మెడకు చుట్టుకుంటుంది. అందులో మీరు ఇచ్చిన ప్రతి హామీ లైసెన్స్ మీద షరతుగా అచ్చవుతుంది, ఆ షరతు తప్పితే నేరం. అందుకే ఫారానికి ముందు చేయాల్సిన పనికీ, ఫారంలో రాయాల్సిన మాటలకీ ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాం.

ఇదంతా లైసెన్సింగ్ యాక్ట్ 2003 ప్రకారం, ఇంగ్లండ్, వేల్స్‌లకు వర్తిస్తుంది. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లండ్ చట్టాలు వేరు. ఈ దశలు అక్కడ పనికిరావు.

1. మీకు కావాల్సింది ఒక్క లైసెన్స్ కాదు

షాపుకు ఒకటి, మనిషికి ఒకటి కావాలి.

షాపుకు వచ్చేది ప్రెమిసెస్ లైసెన్స్. షాపున్న కౌన్సిల్ ఇస్తుంది. గడువు పెట్టమని మీరే అడిగితే తప్ప దీనికి కాలపరిమితి లేదు.

మనిషికి వచ్చేది పర్సనల్ లైసెన్స్. ఆ మనిషి నివసించే ప్రాంతపు కౌన్సిల్ ఇస్తుంది. షాపు ఒక ఊళ్లో, ఇల్లు మరో ఊళ్లో ఉంటే రెండు దరఖాస్తులు రెండు కౌన్సిళ్లకు వెళ్తాయి. చాలామంది తికమకపడేది ఇక్కడే.

పర్సనల్ లైసెన్స్ ఉన్న ఒకరిని షాపుకు డెజిగ్నేటెడ్ ప్రెమిసెస్ సూపర్‌వైజర్‌గా, అంటే డీపీఎస్‌గా, చూపించాలి. డీపీఎస్ ఒక్కరే ఉంటారు. రోజంతా కౌంటర్ దగ్గరే ఉండాలని చట్టం అనదు, కానీ పోలీసులు ఫోన్ చేస్తే దొరికే మనిషి, షాపు సంగతి తెలిసిన మనిషి అయి ఉండాలి. కాగితం కోసం ఎవరో తెలిసినాయన పేరు పెట్టడం మంచిది కాదు. ఆయన తప్పుకున్న రోజు నుంచీ మీరు ఒక్క సీసా కూడా అమ్మకూడదు.

2. పాత లైసెన్స్ బతికుందేమో ముందు చూడండి

నడుస్తున్న షాపును కొంటున్నారా? కొత్త దరఖాస్తు జోలికి పోకముందే కౌన్సిల్ పబ్లిక్ రిజిస్టర్‌లో ఆ చిరునామా వెతకండి. లైసెన్స్ ఉంటే బదిలీకి 23 పౌండ్లు, డీపీఎస్ మార్పుకు మరో 23 పౌండ్లు. రెంటినీ తక్షణం అమల్లోకి వచ్చేలా అడగొచ్చు. 28 రోజుల నోటీసులు, పేపర్ ప్రకటనలు ఏవీ అక్కర్లేదు.

కానీ మూడు సంగతులు చూసుకోవాలి.

- లైసెన్స్ ఎవరి పేరున ఉంది? ఆ వ్యక్తి చనిపోయినా, దివాలా తీసినా, ఆ కంపెనీ రద్దయినా లైసెన్స్ అక్కడితో ఆగిపోతుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి చట్టం ఇచ్చే గడువు 28 రోజులే. కంపెనీ పేరున ఉంటే కంపెనీస్ హౌస్ (కంపెనీల నమోదు కార్యాలయం) రికార్డు చూడండి.
- వార్షిక ఫీజు బాకీ ఉందా? ఫీజు కట్టకపోతే కౌన్సిల్ లైసెన్స్‌ను సస్పెండ్ చేస్తుంది.
- షరతులేంటి? పాత యజమాని ఒప్పుకున్న షరతులన్నీ మీ నెత్తిన పడతాయి. లైసెన్స్ పూర్తి ప్రతి అడిగి, షాపు కొనే ఒప్పందంపై సంతకం పెట్టకముందే చదవండి. ప్లాన్ కూడా చూడండి. పాత ప్లాన్‌లో లేని గది ఇప్పుడు ఉంటే వేరియేషన్ (లైసెన్స్‌లో మార్పు) దరఖాస్తు కావాలి.

3. ఫీజు కట్టకముందు సరిచూసుకోవాల్సినవి

లీజు. ఇందులో మద్యం అమ్మకూడదన్న నిబంధన ఉండొచ్చు. లైసెన్స్ వచ్చినా లీజు ఒప్పుకోకపోతే అమ్మలేరు. ల్యాండ్‌లార్డ్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

ప్లానింగ్. షాపు రాత్రి 10కి మూసేయాలని ప్లానింగ్ అనుమతిలో ఉంటే, మద్యం లైసెన్స్‌లో 12 అని ఉన్నా లాభం లేదు. ఈ రెండూ వేర్వేరు చట్టాలు. రెంటిలో ఏది తక్కువైతే అదే మీ సమయం.

వీసా. వ్యక్తిగా దరఖాస్తు చేస్తే ఈ దేశంలో ఆ పని చేసే హక్కు ఉందని చూపించాలి. పాస్‌పోర్ట్ కాపీ గానీ, హోం ఆఫీస్ షేర్ కోడ్ గానీ ఇవ్వొచ్చు. స్టూడెంట్ వీసా మీద సొంత వ్యాపారం చేయకూడదు. లైసెన్స్ మీ పేరున ఉండి, పని హక్కు ముగిస్తే లైసెన్స్ కూడా పోతుంది. ఈ విషయంలో స్నేహితుల మాట మీద ఆధారపడకండి, మీ వీసా షరతులు మీరే చదవండి.

కౌన్సిల్ లైసెన్సింగ్ పాలసీ. ప్రతి కౌన్సిల్ కనీసం 5 ఏళ్లకోసారి దీన్ని ప్రచురిస్తుంది. అందులో మీ వీధి క్యుములేటివ్ ఇంపాక్ట్ ప్రాంతంలో ఉందేమో చూడండి. ఉందంటే అక్కడ ఇప్పటికే మద్యం దుకాణాలు ఎక్కువై సమస్యలొస్తున్నాయని కౌన్సిల్ తేల్చినట్టు. అది నిషేధం కాదు, కానీ అభ్యంతరం వస్తే మీ షాపు వల్ల సమస్య పెరగదని నిరూపించే బాధ్యత మీదవుతుంది.

4. పర్సనల్ లైసెన్స్ పని ముందే మొదలుపెట్టండి

దీనికి కావాల్సినవి ఇవీ:

- వయసు 18 నిండాలి
- పర్సనల్ లైసెన్స్ హోల్డర్ల కోసం ఉన్న లెవల్ 2 అర్హత. ఒక రోజు శిక్షణ, చివర బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష
- బేసిక్ డీబీఎస్ సర్టిఫికెట్ (నేర చరిత్ర తనిఖీ పత్రం), దరఖాస్తు నాటికి నెల దాటకూడదు
- రెండు ఫొటోలు, ఒకదానిపై ధ్రువీకరణ సంతకం
- నేరాల వెల్లడి ఫారం, పని హక్కు పత్రం
- 37 పౌండ్ల ఫీజు

డీబీఎస్ ముందు తీసుకుని పరీక్ష తర్వాత రాసేవాళ్లు నెల గడువు దాటించుకుంటారు. వరస తిప్పండి. పరీక్ష పాసయ్యాక డీబీఎస్‌కు పెట్టండి.

షాపులో ప్రతి ఒక్కరికీ పర్సనల్ లైసెన్స్ అక్కర్లేదు. ఆ లైసెన్స్ ఉన్నవారు మిగతావాళ్లకు అమ్మే అధికారం ఇవ్వొచ్చు. కాగితం మీద, తేదీతో, సంతకాలతో ఇవ్వండి. మధ్యాహ్నం కౌంటర్‌లో కూర్చునే అమ్మగారి పేరు, సాయంత్రం వచ్చే బావమరిది పేరు కూడా అందులో ఉండాలి. కుటుంబసభ్యులే కదా అన్న మాట చట్టం ముందు నిలవదు.

5. ప్లాన్ గీయడం

మామూలు స్కేలు 1:100. అంటే కాగితం మీద 1 సెంటీమీటరు షాపులో 1 మీటరు. 6 మీటర్ల వెడల్పు, 11 మీటర్ల లోతున్న షాపు 6 × 11 సెంటీమీటర్ల బొమ్మ అవుతుంది, ఏ4 కాగితంలో హాయిగా పడుతుంది. ఆర్కిటెక్టే గీయాలన్న నియమం లేదు. టేపు, స్కేలు, ఓపిక ఉంటే మీరే గీయొచ్చు.

ప్లాన్‌లో చూపాల్సినవి:

- భవనం హద్దు, బయటి గోడలు, లోపలి గోడలు
- వచ్చే, పోయే దారులు, అత్యవసర దారులు
- మద్యం ప్రదర్శించి అమ్మే భాగం, గీతలతో గానీ రంగుతో గానీ
- దారికి అడ్డొచ్చే అవకాశమున్న కౌంటర్, ఫ్రిజ్‌లు, అరలు
- మెట్లు, లిఫ్ట్, టాయిలెట్, వంటగది ఉంటే అవీ
- అగ్నిమాపక పరికరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో
- వాడిన గుర్తులకు అర్థం చెప్పే చిన్న పట్టిక

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, మద్యం అరను మరీ చిన్న గడిగా గీయడం. ఆరు నెలలకు వైన్ అర ఎదురు గోడకు మారిస్తే ప్లాన్‌కు విరుద్ధమవుతుంది. అప్పుడు మైనర్ వేరియేషన్‌కు 89 పౌండ్లు కట్టాలి. మార్పు వచ్చే అవకాశముంటే రెండు చోట్లనూ మొదటే గుర్తించండి. వెనక గదిలోనో, సెల్లార్‌లోనో స్టాకు పెడతారా? ప్లాన్‌లో దానికీ స్టోర్ అని పేరు రాయండి.

6. ఫారంలో అసలు పని: జె, ఎల్, ఎం బాక్సులు

ఏ నుంచి హెచ్ దాకా నాటకాలు, సినిమా, సంగీతం వంటివి. కిరాణా షాపుకు అవి ఖాళీ. ఐ బాక్స్ రాత్రి 11 నుంచి ఉదయం 5 మధ్య వేడి తిండి, వేడి పానీయాలు అమ్మేవాళ్లకు. 11 దాటాక వేడి సమోసా గానీ, టీ గానీ ఇచ్చే ఆలోచన ఉంటే ఇదీ నింపాలి. 11కే మూసేస్తే వదిలేయండి.

జె బాక్స్: మద్యం అమ్మకం. షాపు అయితే ఆఫ్ సేల్స్ అని గుర్తు పెట్టండి. అంటే కొని బయటికి తీసుకెళ్లడం. మూలన రెండు కుర్చీలు వేసి అక్కడే తాగనిస్తే అది ఆన్ సేల్స్. రెండూ గుర్తుపెడితే ఉపయోగపడుతుందిలే అనుకోకండి. అభ్యంతరాలు రెట్టింపవుతాయి.

డీపీఎస్ వివరాలు కూడా ఇక్కడే. ఆయన సమ్మతి ఫారం విడిగా జత చేయాలి. పర్సనల్ లైసెన్స్ నంబర్ తప్పు రాస్తే దరఖాస్తు తిరిగొస్తుంది.

ఎల్ బాక్స్: షాపు తెరిచి ఉండే వేళలు. హోం ఆఫీస్ మార్గదర్శకాల ప్రకారం, బలమైన కారణం లేకపోతే షాపు తెరిచి ఉన్నంతసేపూ మద్యం అమ్మనివ్వాలి. అలాగని ఉదయం 6 నుంచి అడగడం మా దృష్టిలో తెలివైన పని కాదు. పక్కన స్కూలో, హాస్టలో, మద్యం మాన్పించే కేంద్రమో ఉంటే ఆ వేళలే గొడవకు మూలం. ఆ గంటల్లో నిజంగా అమ్మకం ఉంటుందా అని ఆలోచించి అడగండి. మీరే ఉదయం 9 నుంచి రాత్రి 10 దాకా అని పెడితే పోలీసులు అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఎం బాక్స్: నాలుగు లక్ష్యాలను ఎలా కాపాడతారో చెప్పే చోటు. నేరాలు, అల్లర్లు నివారించడం, ప్రజల భద్రత, ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా చూడడం, పిల్లలకు హాని జరగకుండా చూడడం. దరఖాస్తు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. "చట్టాలన్నీ పాటిస్తాం" అని రాస్తే ఏమీ రాయనట్టే. దాన్ని చూసిన పోలీసు లైసెన్సింగ్ అధికారి తన షరతులు తానే రాసి పంపుతారు, అవి మీవాటికంటే కఠినంగా ఉంటాయి.

సీసీటీవీ. ద్వారం, కౌంటర్, మద్యం అరలు కనిపించే కెమెరాలు, 31 రోజుల రికార్డింగ్, పోలీసులు అడిగాక 48 గంటల్లో ఇవ్వగలగడం. పోలీసులు మామూలుగా అడిగేది ఇదే. రాసే ముందు మీ రికార్డర్ మెనూ తెరిచి అన్నిటికంటే పాత రికార్డింగ్ తేదీ చూడండి. అది 12 రోజుల వెనకే ఆగితే హార్డ్ డిస్క్ చాలదు. పెద్ద డిస్క్ వేశాకే 31 అని రాయండి. వీడియో బయటికి తీయడం కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి.

వయసు తనిఖీ. చాలెంజ్ 25 పెట్టండి. 25 కంటే తక్కువగా కనిపించే ఎవరినైనా గుర్తింపు కార్డు అడగాలి. పాస్‌పోర్ట్, ఫొటో ఉన్న డ్రైవింగ్ లైసెన్స్, "పాస్" (PASS) అనే వయసు ధ్రువీకరణ గుర్తున్న కార్డు చెల్లుతాయి.

నిరాకరణ రిజిస్టర్. తేదీ, సమయం, ఏ సరుకు, కొనబోయిన మనిషి ఎలా ఉన్నారు, ఎవరు కాదన్నారు. ఐదు గడుల నోట్‌బుక్ చాలు. వారానికోసారి డీపీఎస్ చూసి సంతకం పెట్టాలి. నెలల తరబడి ఖాళీగా ఉన్న రిజిస్టర్ చూస్తే ఎవరినీ అడగడం లేదని అధికారికి అర్థమైపోతుంది.

శిక్షణ. మొదటి అమ్మకానికి ముందు, ఆపైన 6 నెలలకోసారి. ప్రతిసారీ తేదీ, సంతకం.

సరుకు. విస్కీ, వోడ్కా వంటివి కౌంటర్ వెనక. 6.5 శాతం దాటిన చవక బీరు, సైడర్ అమ్మం, విడి క్యాన్లు అమ్మం అన్నవి వీధి తాగుళ్ల సమస్య ఉన్నచోట గట్టిగా పనిచేసే హామీలు. మీ వ్యాపారానికి అవి అక్కర్లేకపోతే ముందే ఇచ్చేయండి.

స్థలం. మీది తిండి సరుకుల షాపు, మద్యం దానికి తోడు మాత్రమే అని చూపడానికి, మద్యం ప్రదర్శన అమ్మకపు స్థలంలో 15 శాతం దాటదని రాయొచ్చు. క్యుములేటివ్ ఇంపాక్ట్ ప్రాంతంలో ఇది చాలా విలువైన మాట. రాసే ముందు టేపుతో కొలవండి.

హోం డెలివరీ. ఉంటే గుమ్మం దగ్గర కూడా వయసు చూస్తామని, 18 లోపు వారి చేతికి ఇవ్వబోమని రాయండి.

ఇక రాయకూడనివి. "పర్సనల్ లైసెన్స్ ఉన్నవారు ఎల్లప్పుడూ షాపులో ఉంటారు" అని ఎప్పుడూ రాయకండి. ఆ ఒక్కరూ బ్యాంకుకు వెళ్లిన అరగంటలో అమ్మిన ప్రతి సీసా షరతుల ఉల్లంఘనే. అనుమతికి విరుద్ధంగా అమ్మితే పరిమితి లేని జరిమానా, 6 నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. సెక్యూరిటీ గార్డును పెడతాం లాంటి పెద్ద మాటలూ అంతే. ఇంటర్నెట్‌లో దొరికిన బార్ దరఖాస్తు నుంచి పేరాలు ఎత్తి రాసేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు.

రాసిన ప్రతి వాక్యాన్నీ ఇలా పరీక్షించండి: పండగ ముందు శనివారం సాయంత్రం, ఒకరు సెలవులో ఉన్నప్పుడు కూడా ఇది జరుగుతుందా? జరగదంటే కొట్టేయండి.

7. ఫీజు, దాఖలు

ఫీజు షాపు రేటబుల్ వాల్యూను, అంటే వ్యాపార పన్ను కోసం ఆ భవనానికి కట్టిన విలువను, బట్టి ఉంటుంది. చిరునామాతో గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

- 4,300 పౌండ్ల దాకా: 100 పౌండ్లు, ఆపైన ఏటా 70
- 4,301 నుంచి 33,000: 190, ఏటా 180
- 33,001 నుంచి 87,000: 315, ఏటా 295
- 87,001 నుంచి 1,25,000: 450, ఏటా 320
- అంతకు మించితే: 635, ఏటా 350

చిన్న షాపులు ఎక్కువగా రెండో వరసలో పడతాయి.

ఆన్‌లైన్‌లో దాఖలు చేయండి. అప్పుడు పోలీసు, ఫైర్, ట్రేడింగ్ స్టాండర్డ్స్ (వినియోగదారుల రక్షణ చూసే విభాగం), ఎన్విరాన్‌మెంటల్ హెల్త్, ప్లానింగ్, పబ్లిక్ హెల్త్, పిల్లల రక్షణ విభాగం, ఇమ్మిగ్రేషన్ వంటి అధికార సంస్థలన్నిటికీ కౌన్సిలే పంపుతుంది. పోస్టులో పంపితే ఆ ప్రతులన్నీ అదే రోజు మీరే పంపాలి. ఒక్కటి తప్పినా అభ్యంతరాలకున్న 28 రోజుల లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

దాఖలుకు వారం ముందు పోలీసు లైసెన్సింగ్ అధికారికి, ట్రేడింగ్ స్టాండర్డ్స్‌కు ఎం బాక్స్ చిత్తుప్రతిని ఈమెయిల్ చేయండి. వాళ్లు చెప్పిన రెండు మార్పులు అప్పుడే చేసేస్తే తర్వాత అభ్యంతరం రాకపోవచ్చు.

పంపేముందు బల్ల మీద ఉండాల్సినవి: నింపిన ఫారం, ప్లాన్, డీపీఎస్ సమ్మతి, పని హక్కు పత్రం, ఫీజు రసీదు, నీలం నోటీసు ప్రింటు, పేపర్ ప్రకటన పాఠం. చివరి రెండూ దాఖలయ్యాక చూసుకుందాం అనుకుంటే ఆలస్యమైపోతుంది.

8. నీలం నోటీసు, పేపర్ ప్రకటన

దరఖాస్తు అందిన మరుసటి రోజు నుంచి వరసగా 28 రోజులు, మీరు దరఖాస్తు చేశారని చెప్పే నోటీసు షాపు దగ్గర కనిపించాలి. లేత నీలం కాగితం, ఏ4 లేదా అంతకంటే పెద్దది, నల్ల అక్షరాలు, సైజు 16 లేదా ఎక్కువ. బయట నిలబడి చదవగలగాలి.

పేపర్ ప్రకటన స్థానిక పత్రికలో ఒక్కసారైనా రావాలి, దరఖాస్తు మరుసటి రోజు నుంచి 10 పనిదినాల్లో.

లెక్క ఇలా. మార్చి 3 మంగళవారం దరఖాస్తు అందింది. 28 రోజుల్లో మొదటిది మార్చి 4, చివరిది మార్చి 31. ప్రకటనకు చివరి రోజు మార్చి 17 మంగళవారం. మీ పత్రిక వారానికోసారి, గురువారం వచ్చేదైతే మీకున్నవి 5, 12 తేదీలు మాత్రమే. దాని ప్రకటనల గడువు ఎప్పుడో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

రెంటిలోనూ ఉండాల్సినవి:

- దరఖాస్తుదారు పేరు, షాపు చిరునామా
- ఏం అమ్మబోతున్నారు, ఏ వేళల్లో
- దరఖాస్తును ఎక్కడ చూడొచ్చు, కౌన్సిల్ చిరునామా, వెబ్‌సైట్
- అభ్యంతరాలు రాతపూర్వకంగా పంపాలని, చివరి తేదీ
- తెలిసి తప్పుడు మాట చెప్పడం నేరమని, దానికి గరిష్ఠ జరిమానా ఎంతో

ఆ చివరి వాక్యం దగ్గర జాగ్రత్త. పాత నమూనాల్లో 5,000 పౌండ్లు అని ఉంటుంది. ఇప్పుడా జరిమానాకు పరిమితి లేదు. కౌన్సిల్ ఇచ్చే తాజా నమూనానే వాడండి.

నోటీసు ఎక్కడ చెడుతుంది? ఎక్కువగా షట్టర్ దగ్గర. అద్దం లోపల అంటిస్తారు, రాత్రి షట్టర్ దించగానే కనబడదు. షట్టర్ ఉన్న షాపుకు పక్క గోడ మీద గానీ, షట్టర్ ఎత్తినా దించినా కనిపించే చోట గానీ, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి బిగించండి. వానకు సిరా కారకుండా కవర్ నోరు కిందికి ఉంచండి. షాపు మూల మీద ఉంటే రెండో వీధి వైపు కూడా ఒకటి పెట్టండి. ప్రతి రెండు రోజులకూ ఫోన్‌తో ఫొటో తీసి దాచండి. నోటీసు లేదని ఎవరైనా అంటే మీ దగ్గరున్న సాక్ష్యం అదే. నోటీసులో తప్పుంటే మామూలుగా 28 రోజులూ మళ్లీ మొదలవుతాయి.

పత్రిక వచ్చిన రోజే తేదీ కనిపించేలా పేజీ స్కాన్ చేసి కౌన్సిల్‌కు పంపండి.

9. అభ్యంతరం వస్తే

28 రోజుల్లో చెల్లుబాటయ్యే అభ్యంతరం ఒక్కటీ రాకపోతే కౌన్సిల్ లైసెన్స్ ఇచ్చి తీరాలి. అధికారి ఇష్టాయిష్టాలకు చోటు లేదు.

వచ్చిందా, కంగారుపడొద్దు. అది నాలుగు లక్ష్యాల్లో దేనికి సంబంధించిందో చూడండి. "ఈ వీధిలో మరో మద్యం షాపు అవసరం లేదు" అన్నది ఆ లక్ష్యాల కిందికి రాదు. పక్క దుకాణదారు పోటీ భయంతో రాసినదీ అంతే. రాత్రి 11కి షాపు ముందు గుంపులు చేరతాయన్నది మాత్రం సరైన అభ్యంతరమే.

పోలీసుల అభ్యంతరమైతే వాళ్లు కోరే షరతులు అడగండి. మోయగలిగినవి ఒప్పుకోండి, మోయలేనివాటికి బదులు మరొకటి చూపండి. పొరుగువారిదైతే, కౌన్సిల్ ద్వారా మర్యాదగా ఒక ఉత్తరం పంపి గంట తగ్గిస్తామనో, ముందున్న చెత్త రోజూ ఎత్తిస్తామనో చెప్పండి. ఒప్పందం కుదిరితే రాతపూర్వకంగా కౌన్సిల్‌కు తెలపాలి. అభ్యంతరాలన్నీ వెనక్కి తీసుకుంటే హియరింగ్ (కౌన్సిలర్ల ముందు విచారణ) అక్కర్లేకుండా పోవచ్చు.

10. హియరింగ్

అభ్యంతరాల గడువు ముగిశాక 20 పనిదినాల్లో జరుగుతుంది. మీకు 10 పనిదినాల ముందు నోటీసు వస్తుంది. హాజరవుతారో లేదో, ఎవరైనా మీ తరఫున మాట్లాడతారో 5 పనిదినాల ముందే తెలపాలి. ముగ్గురు కౌన్సిలర్ల సబ్ కమిటీ వింటుంది. వకీలు తప్పనిసరి కాదు.

కాగితాలన్నీ ముందే పంపండి. హియరింగ్ రోజున కొత్త కాగితం తీస్తే మిగతా పక్షాలన్నీ ఒప్పుకోవాలి. పంపాల్సినవి: షాపు లోపలి ఫొటోలు, కెమెరాల స్థానాలు, ఖాళీ రిజిస్టర్ నమూనా, శిక్షణ పాఠం, డీపీఎస్ అనుభవం.

మాట్లాడేటప్పుడు వ్యాపారం ఎంత కష్టంగా ఉందో చెప్పడానికి సమయం ఖర్చు చేయకండి. కమిటీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ప్రతి అభ్యంతరానికీ ఒక షరతు చూపండి. "పిల్లలు వస్తారంటున్నారు, మా దగ్గర చాలెంజ్ 25 ఉంది, రిజిస్టర్ ఇదిగో, మద్యం అర ద్వారానికి దూరంగా ఉంది, ప్లాన్‌లో ఇక్కడ." ఇంతే చాలు. ఇంగ్లిషులో తడబడతామనుకుంటే తోడుగా మాట్లాడేవారిని తీసుకెళ్లండి.

తిరస్కరిస్తే నిర్ణయం అందినప్పటి నుంచి 21 రోజుల్లో మెజిస్ట్రేట్ కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు.

11. మొదటి సీసా అమ్మే ముందు

లైసెన్స్ చేతికి రాకుండా స్టాకు పెట్టకండి. అనుమతి లేకుండా మద్యాన్ని అమ్మకానికి ప్రదర్శించడం నేరమే, అమ్మే ఉద్దేశంతో షాపులో నిల్వ ఉంచడమూ నేరమే. ఫ్రిజ్ ముందే నింపి దుప్పటి కప్పితే సరిపోదు. బిస్కెట్లు కొంటే బీరు ఉచితం అన్నా అది అమ్మకం కిందికే వస్తుంది.

లైసెన్స్ వచ్చిన రోజు పేర్లు, వేళలు, షరతులు ఒక్కొక్కటీ చదవండి. అచ్చుతప్పులుంటాయి. వెంటనే రాస్తే కౌన్సిల్ సరిచేస్తుంది.

- లైసెన్స్ సారాంశం గోడ మీద, అందరికీ కనిపించేలా
- పూర్తి లైసెన్స్ లేదా ధ్రువీకరించిన ప్రతి షాపులో, అడిగితే నిమిషంలో తీసేలా
- ఆ లైసెన్స్ ఎవరి సంరక్షణలో ఉందో, ఆ వ్యక్తి హోదాతో చిన్న నోటీసు
- అమ్మే అధికారం ఇచ్చిన కాగితం, సంతకాలతో
- చాలెంజ్ 25 బోర్డు, నిరాకరణ రిజిస్టర్, శిక్షణ ఫైలు కౌంటర్ కింద

మూడోది దాదాపు అందరూ మరిచిపోతారు. తనిఖీకి వచ్చిన అధికారి కళ్లు ముందు దానికోసమే వెతుకుతాయి.

కౌంటర్‌లో 18 నిండని పిల్లలు కూర్చుంటే వాళ్లు చేసే ప్రతి మద్యం అమ్మకాన్నీ బాధ్యత గల పెద్దవారు విడివిడిగా ఆమోదించాలి. ఆ వేళల్లో మద్యం బిల్లు మీరే చేయడం సులువు.

సరుకు హెచ్‌ఎంఆర్‌సీ (పన్నుల శాఖ) దగ్గర నమోదైన హోల్‌సేలర్ల వద్దే కొనాలి. 2017 ఏప్రిల్ 1 నుంచి ఇది చిల్లర దుకాణాలకు తప్పనిసరి. వాళ్ల రిజిస్ట్రేషన్ నంబర్ ఇన్‌వాయిస్ మీద ఉంటుంది. గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో సరిచూసి, ఆ తేదీతో స్క్రీన్‌షాట్ దాచండి. వ్యాన్‌లో వచ్చి నగదుకు చవకగా ఇస్తామనేవాళ్ల దగ్గర ఒక్క కేసు కూడా తీసుకోకండి.

ధర విషయంలో, మద్యంపై సుంకం (డ్యూటీ), దానిపై వ్యాట్ కలిపిన మొత్తం కంటే తక్కువకు అమ్మకూడదు. వేల్స్‌లో 2020 మార్చి 2 నుంచి కనీస యూనిట్ ధర, అంటే సీసాలోని ఆల్కహాల్ మోతాదును బట్టి లెక్కించే కనీస ధర, కూడా ఉంది. ఆఫర్ బోర్డు రాసేముందు రెండూ లెక్కేయండి.

పనివాళ్ల పని హక్కు పత్రాలు తీసుకున్నాకే కౌంటర్‌లో నిలబెట్టండి. అనుమతి లేనివారితో పని చేయించినట్టు తేలితే మొదటిసారే లైసెన్స్ రద్దును గట్టిగా పరిశీలించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి.

12. మధ్యలో పండగ వస్తే

లైసెన్స్ రాకముందే ఒక వేడుకకు అమ్మాలనుకుంటే టెంపరరీ ఈవెంట్ నోటీస్ ఉంది. ఫీజు 21 పౌండ్లు. కార్యక్రమానికి మామూలుగా కనీసం 10 పూర్తి పనిదినాల ముందు ఇవ్వాలి. ఇచ్చిన రోజు, కార్యక్రమం రోజు ఆ లెక్కలోకి రావు. ఒకసారికి గరిష్ఠంగా 168 గంటలు, ఒకేసారి 499 మంది దాకా. రోజువారీ అమ్మకానికి ఇది దారి కాదు, కానీ ఆ వేడుక రోజుల్లో రిజిస్టర్, కెమెరాలు శ్రద్ధగా నడిపితే హియరింగ్‌లో చూపడానికి ఒక నిజమైన రికార్డు ఉంటుంది.

13. క్యాలెండర్‌లో రాసిపెట్టుకోవాల్సినవి

- లైసెన్స్ ఇచ్చిన తేదీ, ఏటా అదే రోజుకు వార్షిక ఫీజు. బిల్లు రాలేదన్నది సాకు కాదు
- 6 నెలలకోసారి సిబ్బంది శిక్షణ
- నెలకోసారి సీసీటీవీలో 31 రోజుల వెనక్కి వెళ్లి చూడడం
- ఇల్లు మారితే పర్సనల్ లైసెన్స్ ఇచ్చిన కౌన్సిల్‌కు చిరునామా మార్పు, ఫీజు 10.50 పౌండ్లు
- డీపీఎస్ మానేస్తున్నారని తెలిసిన రోజే కొత్త డీపీఎస్ దరఖాస్తు, ఆయన చివరి పనిదినం కంటే ముందే